రౌండ్లు కొట్టిస్తే క్రమశిక్షణ వచ్చేస్తుందా మేడమ్?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా సాఫ్ట్‌బాల్ గురించే ఉన్నాయి (బేస్‌బాల్ లాంటి ఆట, బంతి కొట్టి బేస్‌లనే నాలుగు గుర్తుల్ని చుట్టి రావాలి), కాలేజీలు తెరిచారు సెలెక్షన్లు దగ్గరపడ్డాయి కాబట్టి కాబోసు. నేను కాలేజీల్లో ఆటలు నేర్పే పీడీగా (ఫిజికల్ డైరెక్టర్) చేసిన ముప్పై ఏళ్లలో ఎప్పుడూ వినే గొడవే ఇది, కాకపోతే అప్పట్లో పిల్లలు ఇంట్లో చెప్పేవాళ్లు కాదు ఇప్పుడు చెప్తున్నారు, అదొక్కటే తేడా. పేర్లు, కాలేజీలు తీసేసి వేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది గాజువాక. మా అమ్మాయి డిగ్రీ సెకండియర్, కాలేజీ టీంలో సెకండ్ బేస్ ఆడుతుంది. వేసవి సెలవుల తర్వాత మొదటిరోజు ప్రాక్టీస్‌కి నలుగురు పిల్లలు పదిహేను నిమిషాలు లేటుగా వచ్చారంట, దానికి కోచ్ గారు టీం మొత్తం చేత 200 గుంజీళ్లు తీయించి ఆ పైన 10 రౌండ్లు కొట్టించారు. మా పిల్ల టైంకే వెళ్లింది, అయినా తప్పలేదు. మర్నాడు మెట్లు దిగలేకపోయింది, తొడలు వాచిపోయాయి, రెండోరోజు యూరిన్ టీ డికాషన్ రంగులో వస్తుందని వాళ్లమ్మతో చెప్పింది. కోచ్ గారికి ఫోన్ చేస్తే "మీ ఇళ్లల్లో ముసలమ్మలు సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచేస్తారు, ఈ పిల్లలకి 10 రౌండ్లు కష్టమా" అన్నారు. గట్టిగా అడిగితే టీంలోంచి తీసేస్తారని పిల్ల భయం. ఇది కండిషనింగా శిక్షా మేడమ్?

జవాబు: అన్నయ్య గారూ, మీ మెసేజ్ చూసిన రోజే ఫోన్ చేసి ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అన్నాను కదా, ఇప్పుడు ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం ఎందుకు అలా అన్నానో చెప్తాను. అలవాటు లేని కండని ఒక్కసారిగా విపరీతంగా వాడేస్తే ఆ కండ లోపల నలిగి, అందులో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి కారుతుంది, అది కిడ్నీల దగ్గరకి వెళ్లి దెబ్బ కొడుతుంది, దాన్నే డాక్టర్లు రాబ్డోమయోలిసిస్ అంటారు. మామూలు ఒళ్లు నొప్పులకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుందంటే, నొప్పి మరీ ఎక్కువ ఉంటుంది, కండ వాచి గట్టిపడుతుంది, బలం ఉండదు, యూరిన్ డికాషన్ రంగుకో కోలా రంగుకో మారుతుంది, ఇదంతా ఆ రోజే కాదు ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడొచ్చు. యూరిన్ రంగు మారితే ఇంక ఆలోచించక్కర్లేదు, అదే రోజు డాక్టర్ దగ్గరకి వెళ్లాలి, సీపీకే అని ఒక రక్త పరీక్ష, క్రియాటినిన్ ఇంకొకటి, కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో చేస్తారు, ప్రైవేటులో చిన్న ల్యాబుల్లోనూ చేస్తారు. నొప్పి తగ్గుతుందని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి కొని వేసేయకండి, అసలే ఇబ్బందిలో ఉన్న కిడ్నీల మీద అవి ఇంకో బరువు.

గుంజీళ్లే ఎందుకు అంత ప్రమాదం అంటే, కిందికి కూర్చునేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు మోస్తుంది, ఆ సాగుతూ మోసే పనే కండని ఎక్కువ నలిపేస్తుంది. పది తీస్తే వ్యాయామం, రెండు నెలలు ఇంట్లో కూర్చుని మామిడిపళ్లు తిన్న పిల్ల చేత మొదటిరోజే రెండొందలు తీయిస్తే అది ఇంకేదో. మందుకి డోసు ఉన్నట్టే దీనికీ ఉంటుంది.

ఇంక గిరి ప్రదక్షిణ పోలిక. నేనూ నడిచాను రెండుసార్లు. ఆ రోజు ఎవరి నడక వాళ్లది, కాళ్లు లాగితే రోడ్డు పక్కన కూలబడతాం, అడుగడుక్కీ ఎవరో ఒకరు పిలిచి మరీ మజ్జిగ పోస్తారు, పులిహోర పెడతారు, ఓపిక లేకపోతే ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసినా అప్పన్న స్వామి ఏమీ అనుకోడు. వెనకాల విజిల్ పట్టుకుని ఎవరూ నించోరు. ఆ తేడా కోచ్ గారికి తెలీక కాదు, ఫోన్లో నోటికొచ్చింది అనేసుంటారు.

కండిషనింగా, అంటే ఆటకి ఒంటిని తయారు చేసే వ్యాయామమా, లేక శిక్షా అని అడిగారు కదా, నేను చూసేది మూడు నాలుగు సంగతులు. ముందురోజే ప్లాన్‌లో ఉందా, లేక కోపం వచ్చాక పుట్టిందా? ఆటకి పనికొస్తుందా? మధ్యలో రెస్టూ నీళ్లూ ఉన్నాయా? చాతకాని పిల్ల ఆగిపోతానంటే ఆగనిస్తారా? మీ పిల్ల విషయంలో అన్నిటికీ జవాబు కాదనే వస్తుంది. ఆటకి పనికొస్తుందా అన్నది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పీడీలు కూడా ఇక్కడే పొరపాటు పడతారు. సాఫ్ట్‌బాల్‌లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 60 అడుగులు, అంటే 18 మీటర్ల చిల్లర, బ్యాట్ కింద పడేసి ఫస్ట్ బేస్‌కి చేరడం మంచి రన్నర్‌కి మూడు సెకన్లకి అటూ ఇటూగా పడుతుంది. నాలుగు బేస్‌లూ చుట్టి హోమ్ రన్ కొట్టినా మొత్తం 240 అడుగులు, 73 మీటర్లు. ఏడు ఇన్నింగ్స్ మ్యాచ్‌లో ఏ పిల్లా ఆగకుండా అంతకన్నా దూరం పరిగెత్తాల్సిన పని రాదు. 400 మీటర్ల ట్రాక్ మీద 10 రౌండ్లంటే 4 కిలోమీటర్లు, దానివల్ల సెకండ్ బేస్ దగ్గర మీ అమ్మాయి కాలు ఎక్కడా వేగం అవదు. ఇరవై మీటర్ల పరుగు, ముప్పావు నిమిషమో నిమిషమో రెస్టు, మళ్లీ ఇరవై మీటర్లు, అలా ఆరో ఎనిమిదో, దాంతో పాటు పక్కకి కదిలి నేల మీద దొర్లే బంతి తీసి విసిరే డ్రిల్స్, అది సాఫ్ట్‌బాల్ కండిషనింగ్.

సెలవుల తర్వాత ఎలా మొదలెట్టాలన్న దానికి కూడా లెక్క ఉంది, అమెరికాలో స్ట్రెంత్ కోచ్‌ల సంఘాలు రెండు కలిసి 2019లో ఇచ్చిన సూచన ఇది. పూర్తి స్థాయిలో చేయించే పని ఎంతో దాంట్లో మొదటి వారం సగానికి మించకూడదు, రెండో వారం 70 శాతం, మూడో వారం 80, నాలుగో వారం 90, అప్పుడు గానీ మొత్తం చేయించకూడదు. పిల్లలకి దెబ్బలు తగిలేదీ ప్రాణాలు పోయేదీ ఎక్కువగా ఈ మొదటి వారాల్లోనే అని వాళ్లు గట్టిగా చెప్పారు. వ్యాయామాన్ని శిక్షగా వాడొద్దని అక్కడి కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ కూడా అంటుంది.

కోచ్ గారితో మాట్లాడేటప్పుడు ఫోన్లో కాదు, ఒక్కరే కాదు, ఇంకో ఇద్దరు పేరెంట్స్‌ని తీసుకుని డాక్టర్ రిపోర్ట్ జెరాక్స్‌తో వెళ్లి కూర్చోండి. అరవకండి. "సార్ మా పిల్ల ఆట మానదు, కానీ డాక్టర్ సరేనన్నాకే గ్రౌండ్‌లోకి వస్తుంది, మెల్లగా మొదలెడుతుంది" అనండి చాలు. అక్కడ తేలకపోతే ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద రాసివ్వండి, రాసినదానికి ఒక కాపీ మీద సంతకం తీసుకోండి. యూజీసీ 2023 రూల్స్ ప్రకారం ప్రతి కాలేజీలో స్టూడెంట్స్ ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే యూనివర్సిటీలో ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారి, అంబుడ్స్‌పర్సన్ దగ్గరకి అప్పీల్‌కి వెళ్లొచ్చు. చాలావరకు అంత దూరం వెళ్లక్కర్లేకుండానే తెమిలిపోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను మధురవాడ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్ట్ పీడీని, వయసు 27. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ టీం నాకే ఇచ్చారు. మేం ఆడే రోజుల్లో సార్ కొట్టేవారు, బాతు నడకలు నడిపించేవారు, కప్ప గెంతులు గెంతించేవారు, అలాగే నేషనల్స్ దాకా వెళ్లాం. ఇప్పుడు ఏమీ అనకూడదంటే ఎలా? లేటుగా వస్తారు, డ్రిల్ మధ్యలో ఫోన్ చూస్తారు, క్యాచ్ వదిలేసి నవ్వుతారు. శిక్ష లేకుండా వాళ్లని దారిలో పెట్టడం ఎలాగో మీరే చెప్పండి.

జవాబు: తమ్ముడూ, నువ్వడిగింది న్యాయమైన ప్రశ్న, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లెవరూ దీనికి జవాబు చెప్పరు. ముందు నా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొంభైల్లో, ఒక కాలేజీలో నా టీంలో ఒక లెఫ్ట్ ఫీల్డర్ ఉండేది, బక్కపిల్ల, విసురు మాత్రం తుపాకీ గుండే. రోజూ పావుగంట లేటు. రోజూ ఐదు రౌండ్లు వేయించేదాన్ని, మారుమాట్లాడకుండా కొట్టి వచ్చి గ్లవ్ వేసుకునేది. రెండు నెలలు అలాగే నడిచింది, మూడో నెల రావడం మానేసింది. తర్వాతెప్పుడో దాని ఫ్రెండు చెప్పింది, వాళ్ల వీధి కుళాయికి నీళ్లు తెల్లవారుజామునే వచ్చేవంట, ఇంట్లో తల్లికి బాగోకపోతే బిందెలన్నీ ఇదే పట్టి వచ్చేదంట. రెండు నెలల్లో ఒక్కరోజు "ఎందుకమ్మా లేటవుతున్నావ్" అని అడగలేదు నేను. అడుగుంటే ప్రాక్టీస్ అరగంట వెనక్కి జరిపేదాన్ని, నాకు పోయేదేముంది. ఆ లెఫ్ట్ ఫీల్డ్‌కి అలాంటి విసురున్న పిల్ల మళ్లీ నాకు దొరకలేదు.

కాబట్టి మొదటి పని అడగడం. అనకాపల్లి బస్సు రాలేదా, ల్యాబ్ వదల్లేదా, ఇంట్లో వద్దంటున్నారా, లేక నిజంగా బద్ధకమా. బద్ధకానికి మందు వేరు, బస్సుకి మందు వేరు.

రెండోది, రూల్స్ కోపం రాకముందే రాసుకోవాలి. సీజన్ మొదటిరోజు పిల్లల్ని కింద కూర్చోబెట్టి వాళ్ల చేతే రాయించు, ఐదారు చాలు, తెలుగులో, లేటుకి ఏమవుతుంది, చెప్పకుండా మానేస్తే ఏమవుతుంది, ఫోన్ ఎక్కడ పెట్టాలి. పిల్లల్ని రాయమంటే మనకంటే కఠినంగా రాస్తారు, మనమే తగ్గించాలి, చూసి నవ్వుకుంటావ్. కాగితం మీద అందరూ సంతకం పెడతారు, ఇంటికి ఒక కాపీ వెళ్తుంది.

మూడోది, తప్పుకి తగ్గ ఫలితం ఆటలోంచే రావాలి. లేటుగా వచ్చిన పిల్ల ఆ రోజు ప్రాక్టీస్ మ్యాచ్‌లో మొదటి తొమ్మిది మందిలో ఉండదు, అంతే. మూడుసార్లయితే వచ్చే మ్యాచ్‌లో మొదటి రెండు ఇన్నింగ్స్ డగౌట్‌లో, అంటే ఆడనివాళ్లు కూర్చునే చోట కూర్చుని స్కోర్ రాస్తుంది. ఆడే పిల్లకి ఆట దొరక్కపోవడం కంటే పెద్ద బాధ లేదు, బాతు నడక దాని ముందు ఏపాటిది. ఫోన్ చూస్తే ఫోన్ నీ బ్యాగ్‌లో ఉంటుంది ప్రాక్టీస్ అయ్యేదాకా. బ్యాట్లు చిందరవందరగా పడేస్తే కిట్ సర్దే పని ఒక వారం వాళ్లది. కానీ చీపురిచ్చి అందరూ చూస్తుండగా బాత్రూం కడిగించడం లాంటివి కిట్ సర్దడం కిందకి రావు, ఆ గీత నీకు తెలుసు.

క్యాచ్ వదిలేస్తే మాత్రం ఏ శిక్షా వద్దు. ఇది బాగా గుర్తు పెట్టుకో తమ్ముడూ. వదిలిన క్యాచ్‌కి పది పుష్‌అప్స్ అని రూల్ పెట్టావనుకో, తెలివైన పిల్ల ఏం నేర్చుకుంటుందో చెప్పనా, కష్టమైన బంతి దగ్గరకి వెళ్లకపోతే క్యాచ్ వదిలినట్టు లెక్కలోకి రాదని. రెండడుగులు వెనకే ఆగిపోతుంది, బంతి ముందు పడుతుంది, నువ్వు కూడా అది అందని బంతే అనుకుంటావ్. నీ ఔట్‌ఫీల్డ్ మొత్తం అలా తయారయ్యాక మ్యాచ్‌లో డైవ్ చేయమని ఎంత అరిచినా ఎవరూ చేయరు. క్యాచ్ వదిలిందంటే దానికి ఇంకో ముప్పై క్యాచ్‌లు కావాలన్నమాట, అవి ఇవ్వు. నవ్విందంటావా, సిగ్గేసినప్పుడు మన పిల్లలు నవ్వుతారు, అది నీకు నిర్లక్ష్యంగా కనిపిస్తుంది గానీ.

ఒకరు తప్పు చేస్తే టీం అంతటికీ వేయడం కూడా మానేయ్. టీం స్పిరిట్ వస్తుందని చెప్తారు, నేను చూసినంతలో వచ్చేది హాస్టల్లో రాత్రి ఆ ఒక్క పిల్లతో ఎవరూ మాట్లాడకపోవడం.

మీ సార్ కొట్టినా నేషనల్స్‌కి వెళ్లాం అన్నావ్. కొట్టినందుకు వెళ్లారో, కొట్టినా వెళ్లారో ఒకసారి ఆలోచించు. మీతో మొదలెట్టిన పాతికమందిలో ఎంతమంది మధ్యలో మానేశారో లెక్క ఉందా? నేషనల్స్‌కి వెళ్లినవాళ్ల ఫొటో ఒక్కటే కదా గోడ మీద ఉండేది.

ప్రశ్న: ఆంటీ, ప్రాక్టీస్ మధ్యలో నీళ్లు తాగితే కడుపులో పట్టేస్తుంది, అయ్యాకే తాగాలి అంటారు మా సీనియర్లు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. దాహం వేసినప్పుడు తాగు, పదిహేను ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు, ఒకేసారి బాటిల్ మొత్తం ఎత్తేయకపోతే ఏమీ పట్టేయదు. మన వైజాగ్‌లో ఇంకో తిరకాసు ఉంది, రెంటచింతలలో 45 డిగ్రీలంట మనకి 35 ఏ కదా అనుకుంటాం, కానీ సముద్రం పక్కన గాల్లో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అందుకే ఏప్రిల్ మేల్లోనే కాదు, వానలాగి ఉక్క పోసే రోజుల్లోనూ జాగ్రత్తగా ఉండాలి. మే నెలలో ఐదున్నర లోపే తెల్లారిపోతుంది మనకి, అప్పుడే మొదలెట్టి ఎండెక్కకుండా ముగించేయమని మీ కోచ్‌ని అడగండి. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, సెలవుల్లో ఏసీలో ఉండొస్తే మళ్లీ మొదటికే.

ఇంకొకటి, నువ్వడక్కపోయినా చెప్తాను, మీ టీం అందరికీ చదివి వినిపించు. ఎవరైనా తూలుతూ, సంబంధం లేని మాటలు మాట్లాడుతూ, చెప్పింది అర్థం కానట్టు చూస్తూ ఉంటే అది నీరసం కాదు వడదెబ్బ, లోపల ఒళ్లు 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి కానీ వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి, ముందు చల్లబరచాలి. పెద్ద టబ్బులో ఐసు నీళ్లు పోసి మెడ దాకా కూర్చోబెట్టడం అన్నిటికన్నా మంచిది, అది లేకపోతే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఐసు నీళ్లలో ముంచిన టవళ్లు మార్చి మార్చి వేస్తూ గట్టిగా విసరాలి. 2018లో అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కుర్రాడు జోర్డాన్ మెక్‌నెయిర్, 19 ఏళ్లు, ఇలాగే పరుగుల ప్రాక్టీస్‌లో పడిపోతే ఐసు నీళ్లలో ముంచలేదు, రెండు వారాలకి చనిపోయాడు, తప్పు మాదే అని యూనివర్సిటీ ఒప్పుకుంది. అన్నీ ఉన్న చోటే అలా జరిగింది. మనకి చెరుకురసం బండి దగ్గర కూడా ఐసు దొరుకుతుంది, టబ్బు ఒకటి గ్రౌండ్‌లో పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మేడమ్ మాది పాడేరు దగ్గర పల్లె. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, టీంలో థర్డ్ బేస్. మ్యాచ్ బాగానే ఆడతాను, కానీ సీజన్ మొదట్లో టైం పెట్టి గట్టిగా పరిగెత్తిస్తే నాలుగైదు నిమిషాల్లో కాళ్లలో బలం పోయి కూర్చుండిపోతున్నాను. దొంగ నాటకాలు అంటారు సార్. మా అన్నకి సికిల్ సెల్ క్యారియర్ అని కార్డు ఇచ్చారు. నాకు పరీక్ష చేయలేదు.

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో ఆఖరి రెండు లైన్లు చదివి లేచి కూర్చున్నాను. రేపే వెళ్లి టెస్ట్ చేయించుకో. సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తకణాల లోపం, క్యారియర్ అంటే జబ్బు లేకుండా ఆ లోపం ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు. మీ అన్నకి ఉందంటే అమ్మానాన్నల్లో ఒకరికి ఉన్నట్టే, నీకూ ఉండే అవకాశం బాగా ఉంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఫ్రీగా పరీక్షలు చేస్తున్నారు, సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ పీహెచ్‌సీలో అడిగినా సరే, ఇక్కడ కేజీహెచ్‌లో అయినా సరే. దాంతో పాటే హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ సర్వే చెప్తుంది, 12 కంటే తక్కువుంటే ఆయాసం, కాళ్లు లాగడం దానివల్ల కూడా కావొచ్చు.

క్యారియర్ అని తేలితే భయపడకు, ఆట మానక్కర్లేదు, క్యారియర్లు మామూలు మనుషులే, పెద్ద పెద్ద ఆటగాళ్లున్నారు. కాకపోతే అలవాటు లేకుండా, రెస్టు లేకుండా, ఊపిరాడనంత గట్టిగా పరిగెత్తిస్తే కొంతమందిలో రక్తకణాలు వంకర తిరిగి కండకి రక్తం అందదు. మామూలు పట్టేయడానికీ దీనికీ తేడా ఏంటంటే, పట్టేస్తే కండ రాయిలా బిగుసుకుని అరిచేంత నొప్పొస్తుంది, దీంట్లో కండ బిగుసుకోదు, బలం పోయి కూలబడిపోతారు, అదీ మొదలెట్టిన కొద్ది నిమిషాల్లోనే. అందుకే చూసేవాళ్లకి నాటకంలా కనిపిస్తుంది. 2006లో అమెరికాలో రైస్ యూనివర్సిటీ కుర్రాడు డేల్ లాయిడ్ 100 గజాల పరుగులు 16 తీసి పడిపోయి మర్నాడు చనిపోయాడు, క్యారియర్ అని ఎవరికీ తెలీదు. 2010 నుంచి అక్కడ పెద్ద స్థాయి కాలేజీ ఆటల్లో ఈ సంగతి ముందే తేల్చుకోవాలని రూల్ పెట్టారు.

మీ సార్‌కి ఈ పేజీ చూపించు. అరకు, పాడేరు పిల్లలు ప్రతి కాలేజీ టీంలో ఉన్నారు మన దగ్గర, కాళ్లూ చేతులూ చురుకని మనమే వెతికి తెచ్చుకుంటాం. తెచ్చుకున్నప్పుడు ఈ ఒక్క రక్త పరీక్ష సీజన్‌కి ముందు చేయించడం మన బాధ్యత. రిపోర్ట్ విషయం నువ్వూ సారూ డాక్టరూ తప్ప టీంలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. నీ వరకు రూల్ ఒకటే, కాళ్లలో బలం తగ్గినట్టు అనిపించిన క్షణం ఆగిపో, ఎవరేమన్నా సరే.

ప్రశ్న: ప్రతి సోమవారం మా కోచ్ అందరి ముందూ బరువు చూసి పైకి చదువుతారు. ఎక్కువుంటే "ఏటే, రెండు బేస్‌లూ నువ్వే కప్పేస్తావా" అని జోకులు. నేను క్యాచర్‌ని, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేదాన్ని. మధ్యాహ్నం అన్నం మానేసాను. రెండు నెలలుగా పీరియడ్స్ కూడా రాలేదు. ఇంట్లో చెప్పలేదు.

జవాబు: ఈరోజే అమ్మకి చెప్పు, ఈ వారంలోనే లేడీ డాక్టర్‌ని కలువు. తిండి తగ్గించి ఆట పెంచితే ఒంట్లో నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి, ఇది తరచూ కనిపించేదే, సరిదిద్దుకునేదే, కానీ దాచుకునేది కాదు. క్యాచర్ వంద సార్లు కూర్చుని లేస్తుంది మ్యాచ్‌లో, దానికి తొడ బలం కావాలి, తొడ బలానికి అన్నం కావాలి, పప్పూ గుడ్డూ కావాలి. మధ్యాహ్నం మానేయకు.

బరువు చూడటమే తప్పని నేననను, ఎండాకాలం ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా చూస్తే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది, కిలో తగ్గితే లీటరు పైనే తాగాలి. అది ఎవరికి వాళ్లు చూసుకుని నోట్‌బుక్‌లో రాసుకునేది. నలుగురిలో చదవడం, ఒళ్లు గురించి జోకులు వేయడం కోచింగ్ కాదు. ఆ మాటలు ఆడపిల్ల శరీరం మీద వెకిలిగా వెళ్తున్నాయనిపిస్తే లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కింద కాలేజీలో ఉండాల్సిన ఇంటర్నల్ కమిటీకి రాయొచ్చు, స్టూడెంట్స్‌కి కూడా అది వర్తిస్తుంది, కమిటీ అధ్యక్షురాలు ఆడమనిషే ఉంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే ధైర్యంగా ఉంటుంది, తేదీలు, అన్న మాటలు అన్నట్టుగానే రాయండి. ఇంటర్ చదివే పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: మా టీం పిచ్చర్ (బంతి వేసే అమ్మాయి) లేటుగా వచ్చినా ఏమీ అనరు, మేం లేటుగా వస్తే బయట కూర్చోబెడతారు. ఇదేం న్యాయం మేడమ్?

జవాబు: న్యాయం కాదు. రూల్ స్టార్‌కి సడలితే మిగతా ఎనిమిది మందీ ఆ రోజు నుంచి రూల్‌ని కాదు కోచ్ మొహాన్ని చూడటం మొదలెడతారు. కోచ్ ఒంటరిగా ఉన్నప్పుడు కెప్టెన్ వెళ్లి మర్యాదగా చెప్పాలి, గ్రూప్‌లో మెసేజ్ పెట్టకండి. ఆ పిచ్చర్‌తోనూ మాట్లాడండి, పాపం దానికి మీరనుకున్నంత సుఖం ఏమీ ఉండదు, కింద ఉత్తరం చదవండి.

ప్రశ్న: మేడమ్, నేను పిచ్చర్‌ని, టీంలో ఇంకో పిచ్చర్ లేదు. టోర్నమెంట్‌లో రోజుకి రెండు మ్యాచ్‌లు, రెండూ నేనే. భుజం ముందువైపు నొప్పి. సార్‌కి చెప్తే "కింద నుంచి వేసే బంతికి భుజం నొప్పి రాదు, జపాన్ ఉఎనో రెండు రోజుల్లో నాలుగొందల బంతులు వేసి ఒలింపిక్ గోల్డ్ కొట్టింది" అన్నారు. నిజమా?

జవాబు: ఉఎనో మాట నిజమే తల్లీ. 2008 బీజింగ్‌లో యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు, 28 ఇన్నింగ్స్, 413 బంతులు వేసింది, ఫైనల్లో అమెరికాని ఓడించింది. అప్పటికి ఆమెకి 26 ఏళ్లు, ప్రపంచంలోనే మేటి పిచ్చర్, ఏళ్ల తరబడి ఆ పనికే తయారైన ఒళ్లు, వెనకాల డాక్టర్లూ ఫిజియోలూ. కాలేజీ క్లాసులు, హాస్టల్ సాంబారు మధ్య ఆడే పందొమ్మిదేళ్ల పిల్లకి అది కొలబద్ద ఎలా అవుతుంది? మీ సార్ కథ అక్కడితో ఆపేశారు, మిగతాది నేను చెప్తాను. కరోనా వల్ల 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో కూడా ఉఎనోయే మొదలెట్టింది, 39 ఏళ్లకి. కానీ మధ్యలో ఆమెని తప్పించి మియు గోటో అనే ఇరవై ఏళ్ల పిల్లకి బంతిచ్చారు, మొదటి తొమ్మిది మందిలో ఉన్నవాళ్లు బయటికెళ్లినా ఒకసారి తిరిగి రావొచ్చన్న రూల్ సాఫ్ట్‌బాల్‌లో ఉంది కదా, ఆఖరి ఇన్నింగ్స్‌కి మళ్లీ ఉఎనో వచ్చింది. జపాన్ 2-0 తో గెలిచింది.

కింద నుంచి వేస్తే భుజానికి ఏమీ కాదన్నది పాత నమ్మకం. చెయ్యి గానుగలా ఒక చుట్టు తిరిగి బంతి వదిలేటప్పుడు భుజం కీలుని బయటికి లాగే బలం బేస్‌బాల్ పిచ్చర్‌ భుజం మీద పడేదానికి దగ్గరగా ఉంటుందని కొలిచి చూశారు. ఆ లాగుడు ఎక్కువ పడేది ముందువైపు కండ మీదే, నీకు నొప్పి ఉన్నదీ అక్కడే. ఫిజియోకి చూపించుకునేదాకా బంతి వేయకు, నొప్పి గోళీ వేసుకుని మాత్రం అసలు వేయకు. తగ్గాక మ్యాచ్‌లో వేసే 43 అడుగుల దూరం నుంచి కాకుండా దగ్గర నుంచి, మెల్లగా, తక్కువ బంతులతో మొదలెట్టు, ప్రాక్టీస్‌లో వేసినవి కూడా కలిపి రోజూ ఎన్ని వేశావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో, నోటి లెక్క పనికిరాదు.

మీ సార్‌ని ఒక్కటి అడుగు, ఇంకో పిచ్చర్‌ని ఎప్పుడు తయారు చేస్తారు అని. మీ టీంలో ఎవరో ఒకరు షార్ట్ స్టాప్‌లోనో ఔట్‌ఫీల్డ్‌లోనో ఉంటారు మంచి నడుము తిప్పుడున్న పిల్ల, దాన్ని రోజూ పావుగంట నీ పక్కన నించోబెట్టుకో. ఈ సీజన్‌కి రెండు ఇన్నింగ్స్ మోయగలిగినా చాలు.